కారు హీటర్‌లో వేడి రావట్లేదు, థర్మోస్టాట్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

కొత్తగా వచ్చినోడు:
అన్నలకి అక్కలకి నమస్తే, మాది తిరుపతి లీలామహల్ దగ్గర, మిషిగన్‌లో ఇదే మొదటి చలికాలం. సెకండ్ హ్యాండ్ కారు కొన్నా, హైవే ఎక్కితే హీటర్లో చల్లగాలే, టెంపరేచర్ ముల్లు సగానికి రానే రాదు, చెక్ ఇంజన్ లైట్ కూడా వెలిగింది. షాపులో థర్మోస్టాట్ అన్నారు, లేబర్ ఎంతో వినేసరికి నోట మాట రాలే. ఊళ్ళో మెకానిక్ మామకి ఫోన్ చేస్తే దాన్ని పీకి పారేయరా అంటాడు. పీకేయొచ్చా?

చంద్రగిరి అన్న:
పీకొద్దు తమ్ముడూ. మామ చెప్పింది రోహిణి కార్తెలో భాకరాపేట ఘాట్ ఎక్కే పాత బండ్ల వైద్యం, ఇక్కడ మైనస్ 15లో అది పనికిరాదు. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని, అంటే ఇంజన్ వేడిని మోసుకుపోయే ద్రవాన్ని, రేడియేటర్‌కి పోనీకుండా ఆపే వాల్వ్. అది లేకపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్లో తిరుగుతానే ఉంటుంది, ఇంజనే వేడెక్కకపోతే హీటర్‌కి వేడి యాడ్నుంచి వస్తుంది? పైగా ఇంజన్ ఇంకా చల్లగుందని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తా ఉంటుంది. నీది ఇప్పుడు మూసుకోకుండా తెరిచే ఇరుక్కపోయినట్టుంది. లోపల మైనం ఉంటుంది, 80-90 డిగ్రీల దగ్గర కరిగి ఉబ్బి వాల్వ్‌ని తోస్తుంది, చల్లారితే స్ప్రింగ్ మూసేస్తుంది, అంతే దాని పని.

ముందు ఆటోజోన్ అనే కారు పార్ట్స్ షాపుకి పో, చెక్ ఇంజన్ లైట్ ఎందుకు వెలిగిందో చెప్పే కోడ్ ఫ్రీగా చదువుతారు. పీ0128 (ఇంజన్ సరిపడా వేడెక్కట్లేదని) వస్తే అనుమానం దీనిమీదే, కాకపోతే కూలెంట్ తగ్గినా అదే కోడ్ రావచ్చు, లెవెల్ కూడా చూసుకో.

పని రాత్రి బండి ఆపి పొద్దున మొదలుపెట్టు, వేడిమీద రేడియేటర్ మూత తిప్పితే మొహం కాలిపోతుంది. కింద తొట్టి పెట్టి కొంచెం కూలెంట్ వదిలి, హౌసింగ్ (థర్మోస్టాట్ కూర్చునే గూడు) బోల్టులు విప్పు, పాతది ఎట్ల కూర్చోనుందో ఫోటో తీసుకో. మామూలుగా స్ప్రింగ్ ఇంజన్ వైపు, చిన్న పిన్ ఉంటే అది పైకి. రబ్బర్ రింగు కొత్తదే వెయ్, బోల్టులు బలం కొద్దీ బిగించొద్దు, అల్యూమినియంలో మరలు పోతే ఇంక అంతే.

అందరూ తడబడేది కూలెంట్ మళ్ళీ పోసి లోపల ఇరుక్కున్న గాలి తీసేటప్పుడు. మూత తీసి, గరాటా పెట్టి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, చల్లగున్నప్పుడే ఇంజన్ స్టార్ట్ చేసి, బుడగలు ఆగిందాకా కూలెంట్ పోస్తా ఉండు, బండి ముందు చక్రాలు కొంచెం ఎత్తులో ఉంటే ఇంకా మంచిది. గాలి మిగిలితే హీటర్ మళ్ళీ చల్లగానే ఊదుతుంది, నువ్వేమో కొత్త థర్మోస్టాట్ కూడా చెత్తదే అనుకుంటావు.

పుత్తూరు అక్క:
రంగు చూసి కూలెంట్ కొనొద్దబ్బా, మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే. చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం, అది దాదాపు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ఉత్త నీళ్ళు పోశావంటే గడ్డకట్టి ఇంజన్ బ్లాకే పగులుతుంది. పాత కూలెంట్ డ్రైనేజీలో పొయ్యొద్దు, తియ్యగుంటుందని కుక్కలు నాకుతాయి, ప్రాణానికే ప్రమాదం. అపార్ట్‌మెంట్ అయితే లీజు చదువు, చాలాచోట్ల పార్కింగ్‌లో రిపేరు చెయ్యనీరు.

చంద్రగిరి అన్న:
ఇంతకీ ఏ కారో చెప్పనేలేదే నువ్వు! కొన్నిట్లో థర్మోస్టాట్ హౌసింగ్‌తో కలిపే వస్తుంది, కొన్నిట్లో ఆల్టర్నేటర్ వెనక చెయ్యి కూడా పట్టని చోట ఉంటుంది. మోడల్, సంవత్సరం పెట్టు, అట్లాంటిదైతే మాత్రం ఆ లేబర్ ఇచ్చేయడమే మేలు.