గ్లూటెన్, పాలు రెండూ లేని హాట్ చాక్లెట్‌ను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న:
మా అమ్మాయికి సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు) ఉన్నట్లు వైద్యులు నిర్ధారించారు. పాల ప్రోటీన్ కూడా తనకు పడదు. హాట్ చాక్లెట్ అంటే తనకు ప్రాణం. డబ్బాల్లో దొరికే పొడుల్లో తను నిశ్చింతగా తాగగలిగినదాన్ని ఎలా గుర్తించాలో దయచేసి చెప్పగలరా?

సమాధానం 1:
స్వచ్ఛమైన కోకో పొడిలో గ్లూటెన్ గానీ పాలు గానీ సహజంగా ఉండవండి. చిక్కంతా అందులో కలిపే పదార్థాలతోనే వస్తుంది. జాబితాలో బార్లీ మాల్ట్ కనిపిస్తే గ్లూటెన్ ఉన్నట్లే; పాలపొడి, వే పొడి (పాలు విరిగినప్పుడు మిగిలే నీటి పొడి), కేసినేట్ కనిపిస్తే పాల ప్రోటీన్ ఉన్నట్లే. కోకో బటర్ మాత్రం కోకో గింజల నుంచి తీసిన కొవ్వు కనుక, పేరు చూసి భయపడనవసరం లేదు. 'లాక్టోజ్ రహితం' అన్న మాటపై ఆధారపడకండి, ఎందుకంటే లాక్టోజ్ తీసేసిన పాలలోనూ ప్రోటీన్ అలాగే ఉంటుంది.

సమాధానం 2:
జాబితాలో ఏమీ లేకపోయినా, అవే యంత్రాలపై గోధుమ, పాల ఉత్పత్తులు తయారవుతుంటే వాటి ఆనవాళ్లు చేరవచ్చు. అందుచేత డబ్బాపై ఉన్న హెచ్చరికను కూడా తప్పక చదవండి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం 'గ్లూటెన్ రహితం' అనే ఆహారంలో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు. మామూలు పాలకు బదులు ఓట్ పాలు వాడితే, వాటికి 'గ్లూటెన్ రహితం' అన్న ధ్రువీకరణ మరీ ముఖ్యం, ఎందుకంటే ఓట్స్‌లో గోధుమ, బార్లీ గింజలు తరచుగా కలుస్తుంటాయి.

సమాధానం 3:
ఇంట్లో కలుపుకోవడమే మేలని నా నమ్మకం. తియ్యదనం లేని కోకో పొడి, చక్కెర, చిటికెడు ఉప్పును కొద్దిపాటి వేడినీళ్లతో ఉండలు లేకుండా ముద్దగా కలిపి, తర్వాత సోయా పాలు పోసి సన్నని మంటపై వేడిచేయండి. బాదం పాలు వాడితే మరగనివ్వకండి, విరిగిపోవచ్చు.