చిప్స్ కవర్లు, షాంపూ ప్యాకెట్లు ఎవరూ తీసుకోవట్లేదు, ఎక్కడికి పంపాలి?

మాది 3,200 జనాభా ఉన్న పంచాయతీ. చెత్తను వేరుచేసి ఎరువు తయారుచేసే చెత్త నుంచి సంపద కేంద్రం 14 నెలలుగా నడుస్తోంది. తడి చెత్తతో ఇబ్బంది లేదు, వర్మీ కంపోస్టు రైతులే వచ్చి కొనుక్కుంటున్నారు. సీసాలు, అట్టలు, పాల కవర్లు పాత సామాన్ల వ్యాపారి తీసుకెళ్తాడు. మిగిలేది పలుచటి పొరల కవర్లే. రోజుకు 6 కిలోల దాకా వస్తాయి. ఇప్పటికి రెండు టన్నులు దాటి షెడ్డులో సగం నిండిపోయింది. ఎండాకాలంలో నిప్పు రవ్వ పడితే ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. తగలబెట్టేద్దామని కొందరంటున్నారు, నేను ఒప్పుకోలేదు.

స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో బ్లాకుకొక ప్లాస్టిక్ యూనిట్‌కు 16 లక్షల దాకా ఇవ్వొచ్చని ఉంది. మా దగ్గర అది మొదలే కాలేదు. రెండుసార్లు అర్జీ పెట్టాం. అదే పథకం కింద ఊరికి తలకు 60 రూపాయల లెక్కన వచ్చే డబ్బు షెడ్డుకు, రిక్షాలకే సరిపోయింది, రవాణాకు ఏమీ మిగల్లేదు. ఇలాంటి కవర్లను బట్టీలో ఇంధనంగా వాడతారని 110 కిలోమీటర్ల దూరంలోని సిమెంటు ఫ్యాక్టరీని అడిగితే తడి లేకుండా బేళ్లు కట్టి, కనీసం పది టన్నులు ఒకేసారి తెమ్మన్నారు. ఒక్క ఊరి వల్ల అయ్యే పని కాదు. పక్క పంచాయతీలు కలుస్తామంటున్నాయి కానీ లారీ కిరాయి దగ్గర మాట ఆగిపోయింది.

నాలుగైదు పంచాయతీలు కలిసి ఇలాంటి కవర్లను సిమెంటు ఫ్యాక్టరీకి పంపిన ఊళ్లలో, లారీ కిరాయి ఏ పద్దు కింద చెల్లించారు?