అప్‌డేట్: పాత ట్రక్కు ఐడ్లింగ్ సమస్య దొరికింది, పీసీవీ గొట్టం!

ఇంజిన్ వేడెక్కాక బండి నిలిపి, ఇంజిన్ ఊరికే నడుస్తుంటే (అదే ఐడ్లింగ్) ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు, 500కీ 900కీ మధ్య ఊగుతోందని, రోడ్డు మీద నడిచేటప్పుడు మాత్రం ఏ ఇబ్బందీ లేదని నా పాత పెట్రోల్ పికప్ గురించి అడిగాను కదా. ఎక్కువమంది స్పార్క్ ప్లగ్‌లు మార్చమన్నారు. తీసి చూస్తే బాగానే ఉన్నాయి, మళ్లీ అవే బిగించేశాను.

అసలు దారి చూపింది ఫ్యూయెల్ ట్రిమ్ (గాలికి తగ్గట్టు బండి కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే శాతం) చూడమన్న సలహా. బండి కంప్యూటర్‌కి స్కానర్ పెడితే ఐడ్లింగ్‌లో మొత్తం ట్రిమ్ +20 శాతం దాటింది. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే దాదాపు మామూలుకొచ్చింది. అంటే లోపలికొచ్చే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్కలోకి రాని గాలి ఎక్కడినుంచో దూరుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి చిన్న లీకు కూడా పెద్ద తేడా తెస్తుంది. ఫ్యూయెల్ పంపు బలహీనపడి ఉంటే దీనికి భిన్నంగా, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగేది.

క్లీనర్ స్ప్రే కొట్టి లీకు వెతకమన్నారు గానీ, వేడి ఇంజిన్ మీద మండే ద్రవం చల్లడం నాకు నచ్చలేదు. గొట్టాల్లోకి పొగ పంపి లీకు ఎక్కడుందో చూసే స్మోక్ టెస్ట్ చేయించాను. పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ కాల్చడానికి పంపేది) నుంచి మానిఫోల్డ్‌కి (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) వెళ్లే రబ్బరు ఎల్బో, అంటే వంపు గొట్టం, అడుగునుంచి పొగ వచ్చింది. పైకి నిక్షేపంలా ఉంది, కిందిభాగం మాత్రం ఆయిల్ ఆవిరికి మెత్తబడి చీలిపోయింది!

ఎల్బో మార్చి, ఇంజిన్‌లోకి గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో మసి తుడిచాక ఐడ్లింగ్ 700 దగ్గర నిలకడగా ఉంది. ట్రిమ్ 3 శాతం. ఆటోమేటిక్ బండి కదా, డ్రైవ్‌లో పెట్టి బ్రేక్ తొక్కినప్పుడు ఇంకా కొంచెం వణుకుతోంది. ఇంజిన్‌ను పట్టి ఉంచే ఇంజిన్ మౌంట్ అని నా అనుమానం. వేరే ఆలోచన ఉంటే చెప్పండి.