రాత్రి రేడియోలో దూరపు స్టేషన్: అది ఏ స్టేషనో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: పగలు ఒక్క స్టేషనే పలికే నా పాత ట్రాన్సిస్టర్‌లో నిన్న రాత్రి పదకొండు దాటాక తెలియని భాషలో పాట వచ్చింది. అలలా పెరుగుతూ, తగ్గుతూ. ఒళ్లు పులకరించింది! అది ఏ స్టేషనో ఎలా తెలుస్తుంది?

జవాబు: పగలు అయనోస్ఫియర్‌లోని (పైవాతావరణంలో విద్యుదావేశం ఉండే భాగం) అడుగున ఉండే డి పొర మీడియం వేవ్‌ను, అంటే ఏఎం రేడియో తరంగాలను, మింగేస్తుంది. చీకటి పడ్డాక ఆ పొర దాదాపు మాయమై, పైపొరలు తరంగాలను వందల కిలోమీటర్ల అవతలికి దించుతాయి. సరిగ్గా గంట మారేటప్పుడు చెవి పెట్టండి, పేరు చెప్పేది ఎక్కువగా అప్పుడే. రేడియోను బల్లమీద మెల్లగా తిప్పండి. లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ కొన స్టేషన్ వైపు తిరిగితే శబ్దం పడిపోతుంది; అంటే స్టేషన్ ఆ కడ్డీ చూపే గీత మీదే ఉందన్నమాట. అడ్డొచ్చే స్టేషన్‌ను నేను అలాగే నొక్కేస్తాను.

ఇంకొకరు: ముందు ఫోన్ ఛార్జర్, ఎల్‌ఈడీ బల్బు ఆపేయండి.

ప్రశ్న అడిగినవారు: ఛార్జర్ తీశానండీ, గరగర సగం పోయింది! ఈ రాత్రి మళ్లీ కూర్చుంటా.