ఇడ్లీ తింటే తొందరగా ఆకలి, పెసరట్టు తింటే లేదు, ఎందుకు?
ఉప్పల్లో ఉంటాం, ఆఫీసు హైటెక్ సిటీలో. పొద్దున ఇడ్లీ తిని మెట్రో ఎక్కితే పదకొండుకల్లా కడుపులో ఎలుకలు పరిగెడతాయి, అదే పెసరట్టు తిన్న రోజు లంచ్ దాకా ఆ ధ్యాసే ఉండదు. 1995లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు 38 రకాల తిండి, ఒక్కోటీ 240 కేలరీల లెక్కన పెట్టి, రెండు గంటలపాటు కడుపు ఎంత నిండుగా ఉందో అడుగుతూ పోల్చారు. తెల్ల బ్రెడ్‌కి 100 అనుకుంటే ఉడికించిన బంగాళదుంపకి 323 వచ్చింది (మనమేమో దుంపలంటేనే భయపడతాం!). మన టిఫిన్ల మీద, జొన్నరొట్టె మీద ఇలాంటి పరీక్ష ఎవరైనా చేశారా? తార్నాక ఎన్ఐఎన్‌లో (జాతీయ పోషకాహార సంస్థలో) చదివినవాళ్లు, డైటీషియన్లు ఉంటే చెప్పండి ప్లీజ్. ఇంట్లో నేనే చేసి చూడాలంటే రెండింటికీ కేలరీలు సమానం చేయాలా, చట్నీ కూడా లెక్కలోకి వస్తుందా?