లాటిన్ ‘కొలెరె’కూ మన ‘కొలుచు’కూ చుట్టరికం ఉందా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

ఇంట్లోనే సొంతంగా లాటిన్ చదువుకుంటున్న నేను ఈ వారం ‘కొలెరె’ అనే క్రియ దగ్గర ఆగిపోయాను. నేలను సాగుచేయడం, ఒకచోట నివసించడం, శ్రద్ధగా చూసుకోవడం, దేవతలను పూజించడం అని నిఘంటువు దానికి అర్థాలు చెబుతోంది. చివరి అర్థం చదవగానే మన ‘కొలుచు’ గుర్తుకొచ్చింది. మేడారంలో సమ్మక్క, సారలమ్మలను కొలుస్తాం. భద్రకాళి అమ్మవారు చెరువు గట్టున కొలువై ఉందంటాం. ఈ పోలిక కాకతాళీయమేనా? నాగలి పట్టడానికీ పూజ చేయడానికీ ఒకే క్రియ ఎలా సరిపోయిందో పెద్దలు వివరించగలరు.

జవాబు 1 (వరంగల్ నుంచి)

మీకు కలిగిన అనుమానం సహజమే గాని, ఇక్కడ శబ్దసామ్యాన్ని నమ్మకూడదు. ‘కొలెరె’లోని తొలి హల్లు పూర్వం ‘క’ కాదు, ‘క్వ’. తిరగడం అనే అర్థం గల ‘క్వెల్’ అనే ఇండో-యూరోపియన్ (లాటిన్, సంస్కృతం వంటి భాషలున్న కుటుంబం) ధాతువు దీనికి మూలం. అద్దెకుండేవాడిని లాటిన్‌లో ‘ఇన్‌క్విలీనుస్’ అంటారు; ఆ పాత హల్లు అందులో నేటికీ కనిపిస్తుంది. అదే ధాతువు సంస్కృతంలో ‘చర్’ అయింది, ‘చక్రం’ కూడా అక్కడిదే. కొలుచు, కొలువు మాత్రం దేశ్యపదాలు.

ఇక అర్థాల సంగతి. ఒక చోటనే తిరుగుతూ మసలేవాడు అక్కడ స్థిరపడతాడు, స్థిరపడినవాడు ఆ నేలను దున్ని కనిపెట్టుకుని ఉంటాడు, పొలాన్ని కనిపెట్టుకున్నంత నియమంగానే దేవతనూ సేవిస్తాడు. ‘చర్’ ధాతువూ మన దగ్గర ఇదే దారిలో నడిచిందన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం: రోగికి చేసేది ఉపచారమే, పూజలో చేసేవీ షోడశోపచారాలే. ‘కొలెరె’ చుట్టాన్ని తెలుగులో వెతకాలంటే కొలువులో కాదు, ఉపచారంలోనూ పరిచర్యలోనూ వెతకాలి. క్రీ.పూ. 45లో రోమన్ రచయిత సిసెరో తత్త్వచింతనను మనసుకు చేసే సాగు అన్నాడు. అక్కడ ఆయన వాడిన ‘కుల్తూరా’ ఈ క్రియ నుంచి పుట్టినదే.

జవాబు 2 (పరకాల నుంచి)

మాది వ్యవసాయ కుటుంబం కనుక ఒక మాట చేరుస్తున్నాను. ఈ క్రియ నుంచి వచ్చిన ‘కొలోనుస్’కు మొదట రైతు అనీ, తరువాత పరుల భూమి దున్నే కౌలురైతు అనీ అర్థం. క్రీ.శ. 332లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ చేసిన శాసనం, అటువంటి రైతు భూమి వదిలి పారిపోతే పట్టి తెచ్చి తిరిగి అప్పగించాలని ఆదేశించింది. ఇక్కడా ఒక శబ్దసామ్యం ఉంది, జాగ్రత్త: మన ‘కౌలు’ మాట, ఒప్పందం అనే అర్థం గల అరబ్బీ ‘ఖౌల్’ నుంచి వచ్చింది. మన ఊళ్లలోని ‘కాలనీ’లు మాత్రం నిజంగా ‘కొలోనుస్’ సంతానమే.

ప్రశ్న అడిగిన వ్యక్తి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ వివరణ చదివాక రోమన్ కవి వర్జిల్ రాసిన ‘ఈనియడ్’ కావ్యం తొలి సర్గలోని ఒక వాక్యం నాకు స్పష్టమైంది. జూనో దేవత అన్ని దేశాలకన్నా కార్తేజ్ నగరాన్ని మిన్నగా చూసుకున్నదని చెప్పేచోట ఆయన ఈ క్రియనే వాడాడు. మనం భక్తునికి ‘కొలుచు’, దేవతకు ‘కొలువుండు’ అని వేరుగా చెబుతాం. లాటిన్‌లో ఇద్దరికీ క్రియ ఒక్కటే.