చర్చ: సెమినార్‌లో నోరెండిపోయేవాళ్లకి ఏ కాన్వొకేషన్ స్పీచ్ పనిచేస్తుంది?

స్టేజిభయం: లేచి నిలబడగానే గొంతు పట్టేసేవాళ్లు ఏ స్పీచ్‌తో మొదలెట్టాలి? ఏ వరుసలో వినాలి? తెలుగు సబ్‌టైటిల్స్ నమ్మొచ్చా? ఇంటర్వ్యూలకి మూడు వారాలే టైముంది.

కందిపొడి: ఇంకేముంది, ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ, 2005 జూన్ 12. పావుగంట, మూడు కథలు. వెనక డప్పులేసి కోసిన రెండు నిమిషాల ముక్కలు మాత్రం చూడకండి. వాటిలో ‘కాలేజీ మానేశాడు’ దగ్గరే ఆపేస్తారు. ఆర్నెల్లకి మానేసి, ఇంకో పద్దెనిమిది నెలలు అక్కడే తిరుగుతూ నచ్చిన క్లాసుల్లో కూర్చున్నానని ఆయనే చెప్పాడు. కాలిగ్రఫీ, అంటే అందంగా అక్షరాలు రాసే కళ, అలా వంటబట్టిందే. చివర్లో ‘Stay hungry, stay foolish’, అంటే ‘ఆకలితో ఉండండి, మూర్ఖంగా ఉండండి’. అదీ మంత్రం!

అచ్చుతప్పు: మూర్ఖంగానా? తెలుగులో మూర్ఖుడంటే ఎంత చెప్పినా విననివాడు. ఇసుకలోంచి నూనె తీయొచ్చు గానీ వాడి మనసు రంజింపజేయలేమని ఏనుగు లక్ష్మణకవి పద్యం బడిలో బట్టీ పట్టలేదూ? అక్కడి ఉద్దేశం ‘నవ్వితే నవ్వనీ, అన్నీ తెలిసినట్టు నటించకు’ అని. పైగా అది జాబ్స్ సొంత మాట కాదు. హోల్ ఎర్త్ కాటలాగ్ అనే అమెరికా పత్రిక ఆఖరి సంచిక వెనక అట్ట మీదిది. ఆ సంగతీ ఆయనే చెప్పాడు.

గోంగూర: ‘వెర్రిగా ఉండు’ అందామా?

అచ్చుతప్పు: వెర్రిబాగులవాడంటే ఎవడైనా బుట్టలో వేసుకునేవాడు. ‘వెర్రివాడన్నా సరే ఆగకు’ అంటే కాస్త నయం. ఆకలికి ‘తనివి తీరనివ్వకు’.

కందిపొడి: తనివా! ప్రేమలేఖ రాస్తున్నారా మాస్టారూ? పిల్లలకి కావాల్సింది ధైర్యం, వ్యాకరణం కాదు.

అచ్చుతప్పు: అర్థం కాని మాట ధైర్యమేం ఇస్తుంది? టీషర్టు మీద బాగుంటుంది, అంతే.

గోంగూర: హాస్టల్ మెస్సులో తినేవాళ్లకి ఆకలితో ఉండమని వేరే చెప్పాలా 😄

మైకుమేస్త్రి: సభలు నడిపించే పని తెలిసి చెబుతున్నా, మాటలు కాదు, ఆయన చూపు గమనించండి. జాబ్స్ అంతటివాడు కాగితం చూసి చదివాడు. తలదించి వాక్యం అందుకుంటాడు, తలెత్తి ముగిస్తాడు. కాగితం చూడటం తప్పనుకునేవాళ్లకే సగం వణుకు. అక్షరాలు 16 సైజులో, కాగితం పై రెండొంతుల్లోనే అచ్చేయించండి. కింద ఖాళీ ఉంటే గడ్డం ఛాతీకి అంటదు, గొంతు నొక్కుకుపోదు. స్టేప్లర్ కొట్టొద్దు, తిప్పినప్పుడు మైకులో చప్పుడొస్తుంది. నంబర్లు వేసి ఒక్కో కాగితం పక్కకి జరపండి. మైకు నోటికి బెత్తెడు దూరంలో, కాస్త పక్కగా. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ దగ్గర ఢామ్మంటుంది.

ఇక ప్రాక్టీసుకి వీడియోలో తొంభై సెకన్ల ముక్క తీసుకోండి. ఒకసారి వినండి. రెండోసారి 0.75 వేగంలో వెంట వెంట పలకండి. మూడోసారి వీడియో ఆపేసి మీరే చెప్పి ఫోన్లో రికార్డు చేయండి. రోజుకి మూడు విడతలు చాలు. వాక్యం చివర గొంతు జారిపోతుంటే ఊపిరి ముందే అయిపోతోందన్నమాట. కామా దగ్గర తీసుకోండి.

పీజీసైకాలజీ: మైకు సరే. ఆత్మవిశ్వాసం వినడం వల్ల వస్తుందా అన్నది అసలు పేచీ. ఆల్బర్ట్ బందూరా అనే సైకాలజిస్టు 1977లోనే నాలుగు దారులు చెప్పాడు: సొంతంగా చేసి గెలవడం, మనలాంటివాడు చేయగా చూడటం, ఇంకొకరు నువ్వు చేయగలవనడం, ఒంట్లో వణుకు, దడ లాంటివి ఎలా ఉన్నాయన్నది. అన్నిట్లో బలమైంది మొదటిది. స్పీచ్ మూడోదానికి వస్తుంది, అది తేలిగ్గా కరిగిపోతుంది. రెండోదానిలో ‘మనలాంటివాడు’ ముఖ్యం. జాబ్స్ కన్నా మీ కాలేజీలోనే తడబడి నిలదొక్కుకున్న సీనియర్ ఎక్కువ పనిచేస్తాడు. రాత్రి పన్నెండింటికి నాలుగు స్పీచ్‌లు విని పొద్దున క్లాసులో నోరు మెదపనివాళ్ల రోగం ఇదే.

కందిపొడి: అయితే అన్నీ డిలీట్ చేసేద్దామా?

పీజీసైకాలజీ: అలా అన్నానా? విన్న రోజే ఒక చిన్న పని జత చేయమంటున్నా. క్లాసులో ఒక్క ప్రశ్న అడగండి, చాలు.

బేస్‌లైన్: లెక్కలు కావాలంటే టెన్నిస్ ఆటగాడు ఫెదరర్, డార్ట్‌మత్ కాలేజీ, 2024. ఆడిన సింగిల్స్ మ్యాచ్‌లు 1,526, గెలిచినవి దాదాపు 80 శాతం. పాయింట్లు మాత్రం 54 శాతమే! అంటే అంతటివాడూ రెండిట్లో ఒకటి పోగొట్టుకున్నట్టే. ఇంటర్వ్యూలో ఒక జవాబు పోయిందని తర్వాతి నాలుగూ పాడుచేసుకునేవాళ్లు ముందు ఇది వినాలి.

గోంగూర: అమెరికా నవలాకారుడు కర్ట్ వానెగట్ ఎంఐటీలో ఇచ్చిన, ‘సన్‌స్క్రీన్ పూసుకోండి’ అనే స్పీచ్ కూడా చేర్చండి.

పాతఫైలు: అది వానెగట్‌దీ కాదు, స్పీచూ కాదు. 1997 జూన్ 1న షికాగో ట్రిబ్యూన్‌లో మేరీ ష్మిక్ రాసిన కాలమ్. ఆ ఏడు ఎంఐటీలో మాట్లాడింది అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్. ఈమెయిళ్లలో తిరిగి తిరిగి పేరు మారింది. ఫార్వర్డ్ కొట్టేముందు యూనివర్సిటీ సైట్లో పూర్తి పాఠం చూడాలి.

అమెరికా దాకా ఎందుకు, తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి అధ్యాయంలో పదకొండో అనువాకం (భాగం), చదువు ముగించిన శిష్యుడికి గురువు చెప్పే మాటే. ‘సత్యం వద’ అందరికీ తెలుసు. ‘మాలోని మంచి నడతనే అనుసరించు, తక్కినవి వద్దు’ అన్నది ఎవరూ పట్టించుకోరు. గురువే తన తప్పులు వదిలేయమంటున్నాడు!

కందిపొడి: ఇదిగో, మొదలైంది. ఇంటర్వ్యూలో అనువాకం చదవాలా?

స్టేజిభయం: అందరికీ థాంక్స్. సబ్‌టైటిల్స్ సంగతి ఎవరూ చెప్పలేదు.

మైకుమేస్త్రి: ఇంగ్లీషువే పెట్టుకోండి. మెషిన్ తెలుగు పెడితే మళ్లీ మూర్ఖుడి దగ్గరికే వస్తాం.

అచ్చుతప్పు: మరదే నేనూ మొత్తుకున్నది.